ఆఖరి మంచు, ఏడు రోజుల బీపీ: ఒకే పుస్తకంలో రెండు లెక్కలు

పని ఇది. చలికాలం చివర పెరట్లో మిగిలిన మంచును నేల కనపడేదాకా రోజూ కొలవాలి. ఎంత మందం ఉంది, అందులో ఎంత నీరుంది, ఆ నీరు ఎప్పుడు ఎటు పోతుంది అన్నవి రాయాలి. అదే వారంలో ఇంట్లో ఒకరికి క్లినిక్‌లో బీపీ 158/96 వచ్చింది. ఏడు రోజులు ఇంట్లో కొలిచి ఆ అంకెలు పట్టుకురమ్మన్నారు డాక్టరు. రెండు కొలతలూ పొద్దున్నే పడతాయి కనుక ఒకే పుస్తకం పెట్టాం. ఎడమ పేజీ మంచుది, కుడి పేజీ బీపీది. రెండూ మిల్లీమీటర్లే, ఒకటి నీటివి, ఒకటి పాదరసానివి. అందుకే ప్రతి పేజీ నెత్తిన ఏది దేనిదో రాసిపెట్టాం.

1వ రోజు. సామాను

మంచు కోయడానికి లోపలి వ్యాసం 10 సెం.మీ., పొడవు 60 సెం.మీ. ఉన్న పీవీసీ గొట్టం. ఒక చివర రంపంతో పళ్లు కోసి, బయట సెంటీమీటరు గీతలు పెట్టాం. ఈ గొట్టం నోటి వైశాల్యం 78.5 చదరపు సెం.మీ. అంటే మంచు ముద్ద బరువు గ్రాముల్లో తీసుకుని 7.85తో భాగిస్తే నీరు ఎన్ని మి.మీ. ఉందో వచ్చేస్తుంది. తూకానికి 5 కిలోల వంటింటి కాటా చాలు. ఖాళీ గొట్టం బరువు ముందే తీసి గొట్టం మీదే రాసుకోవాలి.

గొట్టాన్ని ఇంట్లోంచి తెచ్చి వెంటనే దింపితే లోపలి గోడకు మంచు అంటుకుని సగం ముద్దే పైకొస్తుంది. గంట ముందే బయట పెట్టి చల్లబడనివ్వాలి. లోపలి గోడకు కొవ్వొత్తి మైనం రుద్దితే ముద్ద జారి వస్తుంది. మధ్యలో గడ్డకట్టిన పొర తగిలితే బలంగా పొడవకుండా మెలితిప్పుతూ దించాలి. అడుగున అంటుకున్న మట్టి, గడ్డి గీకేశాకే తూచాలి. చెంచాడు తడిమట్టి రెండు మూడు మి.మీ. నీటిని అబద్ధంగా కలిపేస్తుంది.

మందం చూడటానికి మీటరు పొడవున్న తెల్ల కర్ర. రంగు ముఖ్యం. నల్లకర్ర ఎండను పీల్చి తన చుట్టూ గుంట చేసుకుంటుంది, అప్పుడు కొలత తక్కువ చూపిస్తుంది. కొత్తగా పడే మంచు కోసం 40 సెం.మీ. చదరపు ప్లైవుడ్ పలక, దానికీ తెల్లరంగే. థర్మామీటరు నీడలో, నేలకు మీటరున్నర ఎత్తున. ఆ రోజు గరిష్ఠం, కనిష్ఠం కలిపి సగం చేస్తే రోజు సగటు.

ఐదు చోట్ల కోసిన ముద్దలు 880, 910, 925, 955, 960 గ్రాములు తూగాయి. సగటు 926, అంటే 118 మి.మీ. నీరు. మందం 31 సెం.మీ. ఒక్కచోటే కోసి ఊరుకుంటే ఆ 880 దగ్గరే ఆగి 112 అని రాసేవాళ్లం, లేదా 960 తగిలి 122 అనేవాళ్లం. ఒకే పెరడు, ఒకే గంట.

కుడి పేజీలో మొదటి రోజే తప్పు దొరికింది. మోచేతికి పైన చేతి చుట్టుకొలత టేపుతో కొలిస్తే 34 సెం.మీ. మిషనుతో వచ్చిన పట్టీ 22 నుంచి 32 దాకే. చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ వస్తుంది. 32-42 పట్టీ తెప్పించి, ఈ రోజు అంకెలు కొట్టేశాం. బీపీ లెక్క రేపటి నుంచి మొదలు.

2వ రోజు. మళ్లీ మంచు

రాత్రి పలక మీద 18 సెం.మీ. పడింది. కోసి తూస్తే 27 మి.మీ. నీరు. ఘనమీటరుకు 150 కిలోలన్నమాట. నడిచలికాలపు పొడిమంచు ఇందులో సగం కూడా తూగదు. ఇది తడిమంచు.

పారెత్తే ముందు ఈ 27ను చూడాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మి.మీ. నీరంటే ఒక కిలో. గుమ్మం నుంచి గేటుదాకా దారి 12 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు. 27ను 12తో గుణిస్తే 324 కిలోలు. 45 సెం.మీ. వెడల్పు, 35 సెం.మీ. లోతు ఉన్న పార నిండా తీస్తే ఒక్కోసారి నాలుగుంపావు కిలోలు, పార బరువు అదనం. అలా 76 సార్లు వంగి లేవాలి.

బీపీ తేలని మనిషి ఈ పని ముట్టుకోకూడదు. ఇందులో మాకు రెండో మాట లేదు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. చేతులతో చేసే బరువు పనికి కాళ్లతో చేసే పనికన్నా బీపీ ఎక్కువ లేస్తుంది. బరువెత్తేటప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి బిగపడతాం, అది ఇంకాస్త ఎక్కిస్తుంది. ఈ మూడూ ఒకేసారి గుండె మీద పడతాయి. మిగతావాళ్లు చేసిన పద్ధతి: మందాన్ని రెండు పొరలుగా తీయడం, ఎత్తి విసరకుండా పక్కకు తోయడం, పది నిమిషాలకోసారి ఆగడం. ఛాతీలో బరువుగా అనిపించినా, దవడకో చేతికో నొప్పి పాకినా అక్కడితో ఆపి అత్యవసర సాయానికి ఫోను చేయాలి.

చిగుళ్లు వేసిన పొదల మీది తడిమంచును చీపురుతో కిందినుంచి పైకి మెల్లగా తట్టి దులిపాం. పైనుంచి కొడితే కొమ్మ విరుగుతుంది. గడ్డకట్టి అంటుకుపోయిన చోట అసలు ముట్టుకోలేదు, అది కరిగే పోవాలి.

బీపీ 1వ రోజు. కొలిచే తీరు గోడకు అంటించాం. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, పొగ, వ్యాయామం ఉండకూడదు. మూత్రానికి వెళ్లి వచ్చి కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేల మీద, కాలు మీద కాలు వేయకూడదు. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీదే. ఐదు నిమిషాలు మాటలు లేకుండా కూర్చున్నాక ఒకసారి, నిమిషం ఆగి రెండోసారి. పొద్దున ఇలా, సాయంత్రం ఇలా, రోజుకు నాలుగు అంకెలు. మొదటిసారి రెండు చేతులూ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే ఏడు రోజులూ వాడాలి.

చేతి ఎత్తు గురించి నాలుగు మాటలు ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పట్టీ గుండెకు సమానమైన ఎత్తులో ఉండాలి. పది సెంటీమీటర్లు కిందికి వేలాడితే ఆ పది సెంటీమీటర్ల రక్తస్తంభం బరువు కూడా లెక్కలో పడుతుంది. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు కనుక అది దాదాపు 8 మి.మీ. అవుతుంది. 132 ఉన్న మనిషి 140 అయిపోతాడు. మోచేతి కింద మడిచిన దుప్పటి పెట్టి, పట్టీ మధ్యభాగం చొక్కా రెండో మూడో గుండీల ఎత్తుకు వచ్చేలా చూశాం.

సగటు 149/91.

3వ రోజు

సగటు ఉష్ణోగ్రత −2. మందం 44. కరిగిందేమీ లేదు.

బీపీ 144/89. సాయంత్రం కొలతకు ముందు ఒక తప్పు జరిగింది. బయటినుంచి వచ్చి, ఫోనులో మాట్లాడుతూనే పట్టీ కడితే 164/98. అంకె చూశాక భయం, భయం మీద ఇంకో కొలత, అది ఇంకా ఎక్కువ. అక్కడ ఆపించి, వెచ్చని గదిలో అరగంట కూర్చోబెట్టి పద్ధతి ప్రకారం తీస్తే 143/88. మాట్లాడటం ఒక్కటే ఓ పది మి.మీ. లేపగలదు, చలి సంగతి సరేసరి. 164ను దాచలేదు. పక్కన "చలిలోంచి, మాట్లాడుతూ" అని రాసి గుండ్రం చుట్టాం. సగటులో కలపం, డాక్టరుకు మాత్రం చూపిస్తాం.

ఈ సాయంత్రం తర్వాత ఒక చీటీ రాసి మిషను పెట్టె మూతకు అతికించాం. అందులో మూడే అంశాలు. ఛాతీలో ఒత్తిడి, ఆయాసం, ఒకవైపు చచ్చుబడటం, మాట తడబడటం, ముఖం వంకరపోవడం, చూపు ఉన్నట్టుండి మందగించడం: వీటిలో ఏది కనిపించినా అంకె చూడనక్కర్లేదు, వెంటనే అంబులెన్సు. ఏ లక్షణమూ లేకుండా పై అంకె 180 గానీ కింది అంకె 120 గానీ దాటితే ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ కొలవాలి, అప్పుడూ అలాగే ఉంటే అదే రోజు డాక్టరుకు ఫోను. మిగతా అంకె ఏదైనా పుస్తకంలో రాసి మిషను మూసేయాలి. భయపడ్డ మనిషికి ఆ క్షణంలో ఆలోచించి తేల్చుకునే ఓపిక ఉండదు. తేల్చిన మాట ముందే కళ్లెదుట ఉండాలి.

4వ రోజు

సగటు 0.5. మందం 44 నుంచి 40కి దిగింది. నాలుగు సెంటీమీటర్లు కరిగిపోయిందనిపిస్తుంది. గొట్టం దించి తూస్తే నీరు 146 మి.మీ. మూడు రోజుల కిందటి 118కి కొత్త 27 కలిపితే 145. ఒక్క చుక్క పోలేదు. కొత్త మంచు కుదించుకుందంతే. కర్ర చూపించేది మందం, వరద తెచ్చేది నీరు.

బీపీ 141/88.

5వ రోజు. నీళ్లకు దారి

సగటు 2. మందం 37, నీరు 145. కప్పు మీది నీళ్లు దించే గొట్టాల్లోంచి ఇంకా ఏమీ కారలేదు. ఎందుకంటే పొర మొత్తం ముందు సున్నా డిగ్రీలకు రావాలి. దానికి పెద్ద వేడి అక్కర్లేదు. సగటున −3 దగ్గరున్న 145 కిలోల మంచును సున్నాకు తేవడానికి పట్టే వేడితో మూడు మి.మీ. మంచు కూడా కరగదు. ఆ తర్వాత కరిగిన నీటిలో కొంత స్పాంజిలో పట్టినట్టు గింజల మధ్యే నిలుస్తుంది. అదీ నిండాకే కిందికి వదులుతుంది. ఈ రెండు మూడు రోజుల వ్యవధిలోనే ఇంటి చుట్టూ పని చేసుకోవాలి.

సన్న ఇనుప ఊచ గుచ్చి చూస్తే గడ్డకట్టిన నేల తగిలింది. అంటే నీరు ఇంకదు, పల్లానికి పరుగెడుతుంది. 50 చదరపు మీటర్ల కప్పు మీంచి రోజుకు 20 మి.మీ. దిగితే ఒక్క గొట్టం నుంచే వెయ్యి లీటర్లు. ఆ గొట్టానికి ముక్క అతికి నోరు గోడకు రెండు మీటర్ల దూరం జరిపాం. గోడ పక్కన పోగేసిన మంచును తీసి పల్లం వైపు తోశాం. నేలమాళిగ గుంటలో 20 లీటర్ల బకెట్టు కుమ్మరించి పంపు పరీక్షించాం. తేలే బుడ్డి లేచింది, పంపు తిరిగింది, గుంటలో మట్టం మాత్రం తగ్గలేదు. బయటికి పోయే పైపు చివర గడ్డకట్టి ఉంది. వేడినీళ్ల గుడ్డ చుట్టి కరిగించి, నీళ్లు నిలవకుండా పైపును వాలుగా కట్టాం. ఈ పరీక్ష చేయకపోతే పంపు మోత వింటూ అంతా బాగుందనుకునేవాళ్లం.

బీపీ 139/86.

6వ రోజు

సగటు 3. నీరు 143. సాయంత్రం నాలుగింటికి గొట్టం నోట్లోంచి తొలి ధార, వేలిమందం. రాత్రి ఆగిపోయింది. ఆకాశం నిర్మలంగా ఉంటే గాలి రెండు డిగ్రీలున్నా మంచు పైపొర తన వేడిని ఆకాశానికి వదిలేసి గడ్డకడుతుంది. పొద్దున్నే మెట్ల మీద గాజులాంటి పొర అలాగే వచ్చింది. ఇసుక చల్లాం. ఉప్పు మొక్కల వేళ్లకు చేటు, అందుకని పెరటివైపు వాడలేదు.

బీపీ 137/85.

7వ రోజు. గీత గీసేటప్పుడు

సగటు 4. నీరు 131, పన్నెండు పోయింది.

బీపీ 138/87. నిన్నటికన్నా ఒకటి, రెండు ఎక్కువ. ఫోను యాప్‌లో ఆ గీత కొండెక్కినట్టు కనిపించింది. యాప్ తన నిలువు గీతను 135 నుంచి 150 దాకే పెట్టుకుంది, అందుకే ఒక మి.మీ. తేడా గోడంత ఎత్తు లేచింది. కాగితం మీద 60 నుంచి 200 దాకా నిలువు గీత గీసి, ఒక్కో కొలతకు కాకుండా రోజు సగటుకు ఒక్క చుక్క పెడితే అదే గీత మెల్లగా దిగే వాలులా ఉంది. యాప్‌ను పక్కన పెట్టేశాం. ఇంట్లోవాళ్లం ఇంకో ఒప్పందమూ చేసుకున్నాం. కొలత అవగానే "ఎంతొచ్చింది?" అని ఎవరూ అడగరు. "రాశావా?" అనే అడుగుతారు. వేళ కాని వేళ, అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు కొలవడం లేదు.

8వ రోజు

సగటు 5. పద్దెనిమిది పోయి నీరు 113.

బీపీ 135/85. ఏడు రోజులు నిండాయి. మొత్తం 28 అంకెలు. మొదటి రోజు నాలుగూ తీసేయాలి, కొత్త మిషను దగ్గర మనిషి కుదురుకోని రోజది. మిగిలిన 24 సగటు 139/87. ఇంట్లో కొలిచినప్పుడు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. క్లినిక్ 158 కన్నా ఇది చాలా కింద, అయినా గీతకు పైనే. "ఏం లేదులే" అని కొట్టిపారేయడానికీ వీల్లేదు, 3వ రోజు సాయంత్రం పడ్డ భయానికీ ఆధారం లేదు. ఒక్కసారి ఎక్కువ వచ్చిన అంకె మళ్లీ కొలిస్తే కొంత తగ్గడం మామూలే. అందుకే తగ్గిందని కూడా మరీ పొంగిపోకూడదు.

9వ రోజు. మంచు మీద వాన

రాత్రి 12 మి.మీ. వాన, తేమగాలి. సగటు 6. నీరు 88. వాన మంచును కరిగించిందని అందరూ అంటారు. లెక్క వేసి చూడండి. ఆరు డిగ్రీల వాన 12 కిలోలు చల్లబడి సున్నాకు వస్తే వదిలే వేడి దాదాపు 300 కిలోజౌళ్లు. ఒక కిలో మంచు కరగడానికి 334 కావాలి. అంటే వాన వేడికి ఒక్క మి.మీ. కూడా కరగలేదు. అసలు పని చేసింది తేమగాలి. గాలిలోని ఆవిరి మంచు మీద ఒక కిలో నీరుగా మారితే వచ్చే వేడితో ఏడు కిలోల పైన మంచు కరుగుతుంది. వాన సూచనకన్నా ముందు తేమ, గాలి సూచన చూడాలి. కరిగిన 25, వాన 12 కలిసి 37 మి.మీ. పెరటి వంద చదరపు మీటర్ల నుంచి 3,700 లీటర్లు నడిచాయి. పంపు రాత్రంతా ఆగుతూ తిరుగుతూ ఉంది, గుంట పొంగలేదు.

డాక్టరు పుస్తకం మొత్తం చూశారు, గుండ్రం చుట్టిన 164తో సహా. మూత్రపిండాలు, చక్కెర, పొటాషియం పరీక్షలు రాశారు. 24 గంటలు చేతికి కట్టుకునే మిషను ఇచ్చారు.

10, 11 రోజులు

పదో రోజు సగటు 5, నీరు 66. పదకొండున మళ్లీ −1, ఒక్క మి.మీ. కరగలేదు. మంచు పైన అట్టకట్టింది, కాలు వేస్తే పెళ్లున విరుగుతోంది. చలికాలం వెనక్కి వచ్చిందనిపించే రోజు. ఎడమ పేజీలో మాత్రం 66 పక్కన ఇంకో 66 పడిందంతే.

24 గంటల మిషను పగలు ప్రతి 20-30 నిమిషాలకు, రాత్రి ఇంకాస్త దూరంగా దానంతటదే కొలుస్తుంది. పట్టీ బిగిసేటప్పుడు చెయ్యి కదపకుండా వదులుగా ఉంచాలి, లేకపోతే ఆ కొలత పోతుంది. స్నానం కుదరదు. ఎప్పుడు పడుకున్నదీ, ఎప్పుడు లేచిందీ రాసి ఇవ్వాలి, రాత్రి సగటు తీసేది ఆ వేళల్ని బట్టే.

12, 13, 14 రోజులు

పన్నెండున సగటు 4, పద్దెనిమిది పోయి 48. పదమూడున 6, ఇరవై ఎనిమిది పోయి 20. పద్నాలుగున 5, పెరట్లో నేల తేలింది. గోడ నీడలో చారెడు మిగిలింది.

7 నుంచి 13వ రోజు దాకా డిగ్రీకి ఎన్ని మి.మీ. కరిగిందో వరసగా రాస్తే అందంగా ఉంది: 3, 3.6, 4.2, 4.4, 4.5, 4.7. వేడి ఒకటే అయినా రోజురోజుకూ ఎక్కువ కరుగుతోంది. కొత్త మంచు ఎండలో 80 శాతం పైన వెనక్కి కొడుతుంది, పాతబడి మురికిపట్టిన మంచు సగం దాకా పీల్చుకుంటుంది. రెండో రోజు పడ్డ ఆ తెల్ల దుప్పటి కరగడాన్ని కొన్నాళ్లు వాయిదా వేసింది అందుకే. సున్నాకు పైనున్న రోజు సగటులన్నీ కూడితే వచ్చేవి డిగ్రీ-రోజులు. మొత్తం 146 మి.మీ.కు అవి 40.5 పట్టాయి, అంటే డిగ్రీకి సగటున 3.6 మి.మీ.

24 గంటల సగటు 131/80. 24 గంటల సగటుకు హద్దు గీత 130/80. పగలు 137/85, నిద్రలో 119/71, అంటే రాత్రి పై అంకె 13 శాతం తగ్గింది. పది నుంచి ఇరవై శాతం తగ్గడం ఆరోగ్యకరం. మిగతా పరీక్షలు బాగున్నాయి. అన్నీ కలిపి చూసి డాక్టరు ఈ మనిషికి ఇప్పటికి మాత్ర వద్దన్నారు. రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపు, రోజూ నడక, మూడు నెలలకు మళ్లీ ఏడు రోజుల పుస్తకం. ఇవే అంకెలు ఇంకొకరికి వస్తే నిర్ణయం వేరుగా ఉండొచ్చు. ముందే మాత్రలు వాడుతున్నవాళ్లు ఇలాంటివి చదివి మానేయడం, తగ్గించడం ఎంతమాత్రం చేయకూడదు.

15వ రోజు

కర్ర పీకాం. నేల మెత్తబడటంతో రెండు సెంటీమీటర్లు ఒరిగి ఉంది, చివరి రెండు మందం కొలతల పక్కన ఆ సంగతి రాశాం. గొట్టం కడిగి ఆరబెట్టాం, లోపల మైనం గీకలేదు. బీపీ మిషనులోంచి బ్యాటరీలు తీసి, పట్టీని మడత పడకుండా చుట్టి పెట్టెలో పెట్టాం. మూత మీది చీటీ అలాగే ఉంచాం. కుడి పేజీలో మూడు నెలల తర్వాతి తేదీ వేసి, కింద 28 గళ్లు ఖాళీగా గీసిపెట్టాం.